ముందు బస్సు, తర్వాత కావి

నిన్న, తమిళుల ఆడి నెల మొదటి మంగళవారం. తెల్లవారగానే మా అత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే నాన్న గొంతు. ఆ రోజు మొదటి ఆశ్చర్యం అదే. అత్త తన ఫోన్ ఎవరి చేతికీ ఇచ్చే మనిషి కాదు.

"పాపా, అత్త లేదమ్మా. నిద్రలోనే గుండె ఆగిపోయినట్టుంది. బయల్దేరి రా," అన్నాడు.

నేను తమిళనాడు ధర్మపురిలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. మా ఊరు కారిమంగళం పక్కన. బస్సులో కూర్చుని "అత్త లేదు" అన్న మాటను తెలుగులో అనుకున్నాను, తమిళంలో అనుకున్నాను. రెండింటిలోనూ నమ్మబుద్ధి కాలేదు.

అత్త మా నాన్నకు అక్క. మామ పోయినప్పటి నుంచి మా ఇంట్లోనే ఉండేది. మేస్త్రికి సిమెంటు కలిపి అందించే పని ఆమెది. నెత్తిన సిమెంటు చట్టి పెట్టుకుని చెక్కపలకల మెట్లు ఎక్కుతూ కూడా ఎవరితోనో ఒకరితో మాట్లాడుతూనే ఉండేది. మాట్లాడకపోతే బరువు తెలుస్తుంది అనేది.

నేను ప్లస్ టూ చదివే రోజుల్లో ఆమెకు ఎడమ గడ్డం మీద, కింది పెదవి దాకా నీటిపొక్కులు లేచాయి. మా వైపు దాన్ని అక్కి అంటారు. తెలుగు చదవడం నేర్చుకున్నాక పుస్తకాల్లో సర్పి అనే మాట చూశాను. అక్కి వస్తే మా దగ్గర కుమ్మరి దగ్గరికి పోతారు. ఆయన ఎర్రటి కావిమన్ను నీళ్ళలో అరగదీసి, కోడి ఈకతో పొక్కుల మీద సింహం బొమ్మ గీస్తాడు. దాన్ని అక్కి రాయడం అంటారు. ఆ రాత ఎండి రాలేదాకా ముఖం తడపకూడదు. ఇంగ్లీషు మందు మింగితే అక్కి లోపలికి పోతుందని భయం.

అత్త అన్నీ పాటించింది. నోరు కూడా సరిగ్గా పుక్కిలించలేదు. పొక్కులు మాడాయి, కావి రాలింది. అందరం సంతోషించాం. కొన్ని వారాల తర్వాత ఒక పొద్దున ఆమె పళ్ళు తోముకుంటుంటే పన్ను ఊడి చేతిలోకి వచ్చింది. నొప్పి లేదు, రక్తం పెద్దగా లేదు. "ముసలిదాన్నయినాను, ఇంకేమి," అని నవ్వింది. తర్వాత పక్క పన్ను కూడా ఊడింది. ఆ గుంటలో తెల్లగా ఎముక కనిపించింది. దవడ వాచింది, చీము కారింది.

ధర్మపురి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ తమిళంలో నిదానంగా చెప్పింది. చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పటి వైరస్సే నరంలో దాక్కుని, ఇన్నేళ్ళకు అక్కిగా లేచిందట. దాని దెబ్బకు దవడ ఎముకకు రక్తం అందక కొంత భాగం చచ్చిపోయిందట. అందులో క్రిములు చేరాయి. పైగా అత్తకు షుగరుంది, మాకెవరికీ తెలియదు. "పొక్కులు లేచిన మూడు రోజుల్లోపు వచ్చి మాత్రలు వేసుకుని ఉంటే ఇంతదాకా రాకపోయి ఉండొచ్చు," అంది డాక్టరమ్మ.

చెడిన ఎముక తీసేశారు. ఎడమ పక్క గడ్డం లోపలికి పోయింది. కింది పెదవి సగం మొద్దుబారింది.

పెదవులు కలిస్తేనే పలికే అక్షరాలు ఆమెకు రాలేదు. మామ, పప్పు, బొప్పాయి, ఏదీ నిలవలేదు. అప్పుడే తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటున్న నేను, అలాంటి మాటలు ఏరుకొచ్చి ఆమె ముందు పెట్టేదాన్ని. ఇద్దరం వాకిట్లో కూర్చుని "బొమ్మ, కొబ్బరి, బొంగరం" అని అరుస్తుంటే, అత్త ఎప్పుడూ పనిచేసే జట్టు మేస్త్రి దారినపోతూ ఆగేవాడు. నేను ఆయన్ని మామా అంటాను.

"ఏంది, మీ ఇంట్లో కొత్తగా బడి పెట్టినారా?" అన్నాడు ఒకసారి.

అత్త పెదవిని వేలితో పైకి నొక్కిపట్టి, ఒక్కో అక్షరం తోస్తూ, "నీ... పేరు... పెట్టి... తిట్టేదానికి... నేర్చుకుంటా ఉండా," అంది. పెదవి కలిసింది. తిట్టు పూర్తిగా వచ్చింది. మామ నవ్వి నవ్వి గోడకు ఆనుకున్నాడు. అత్త మాత్రం నవ్వలేదు. "ఇంకోటి చెప్పు పాపా," అంది నాతో.

నాకు ఆమె అంటే అప్పటిదాకా ప్రేమ మాత్రమే. ఆ రోజు నుంచి గౌరవం.

మాట తిరిగి వచ్చాక ఆమె చేసిన మొదటి పని కుమ్మరి ఇంటికి పోవడం. నేనూ వెంట పోయాను. జగడమే అనుకున్నాను. ఆమె కొంగు తీసి గడ్డం చూపించింది. "అన్నా, నీ మీద నాకు కోపం లేదు. మీ తాత రాసినాడు, నువ్వు రాస్తా ఉండావు. రాయి. కానీ ఆసుపత్రి మాత్రలు చూపించినోళ్ళకే రాయి," అంది. ఆయన దగ్గరికి వచ్చి ఆ గడ్డం చూశాడు. "సరేమ్మా," అన్నాడు. ఆ మాట మీదే నిలబడ్డాడు కూడా.

తర్వాత ఎక్కడ ఎవరికి అక్కి లేచిందని తెలిసినా అత్త చట్టి దించి పోయేది. కారిమంగళం సంతలో కూడా కొంగు కప్పుకునేది కాదు. "నా మూతి చూసి భయపడితే మంచిదే. చూడాలనే చూపిస్తా ఉండా," అనేది. ఎవరైనా అమ్మవారి కోపం, ఆచారం అని మొదలుపెడితే ఆమె దగ్గర ఒకటే మాట ఉండేది: "ముందు బస్సు, తర్వాత కావి." చెయ్యి పట్టుకుని ధర్మపురి బస్సు ఎక్కించేది. రానన్నవాళ్ళ ఇంటి అరుగు మీద కూర్చుండిపోయేది. ఆమెను లేపలేక వచ్చినవాళ్ళే ఎక్కువ.

నిన్న సాయంత్రం ఆమెను సాగనంపాం. ఈ రోజు పొద్దుగూకేటప్పుడు మేస్త్రి మామ వచ్చాడు. తలకు తువ్వాలు చుట్టుకుని, ఒక కన్ను కప్పుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నేను దగ్గరికి పోయి చూస్తే నుదుటి మీద, రెప్ప మీద, ముక్కు కొనదాకా పచ్చిగా కావి. కింద పొక్కులు. కన్ను ఎర్రబడి మూసుకుపోతోంది.

"ఎప్పటి నుంచి మామా?"

"మొన్న లేచింది. మీ అత్తకు తెలిస్తే బస్సెక్కిస్తుందని ఇటుపక్క రాలేదు. మన కుమ్మరేమో మాత్రలేవీ అన్నాడు. తీర్థమలై దగ్గర ఇంకొకాయన ఉండాడంటే నిన్న ఆడికి పోయి, ఈ పొద్దు రాయించుకుని వచ్చినా. వచ్చినాకే మీ అత్త మాట తెలిసింది."

"ధర్మపురి ఆసుపత్రి తీర్థమలై కంటే దగ్గర కదా మామా!"

ఆయన తువ్వాలు కిందికి లాగి ఆ కన్ను ఇంకా కప్పుకున్నాడు. గోడ నిలువుగా ఉందో లేదో కంటితోనే చెప్పగలిగే మనిషి. ఆ కన్ను పోతే ఆయన పని పోయినట్టే. "ఇప్పుడే పోదాం," అన్నాను.

"ఈ పొద్దు కాళ్ళు ఆడవు పాపా. రేపంటే మూడో రోజు. పోయినోళ్ళకు పాలు పోయాల. ఇరవై ఏండ్లు నాకు సిమెంటు అందించిన మనిషి. ఆమె పాలకు రాకుండా పోతే ఏమనుకుంటుంది?"

లోపల నుంచి నాన్న వచ్చాడు. నిన్నటి నుంచి గట్టిగా మాట్లాడనివాడు గట్టిగా అన్నాడు. "మా అక్క ఏమనుకుంటుందో నాకు తెలుసు. పాలు మేం పోస్తాం. నువ్వు కన్ను చూపించుకో. పాపా, నువ్వు తోడు పో."

"ఆమె లేకపోయినా వదిలేటట్టు లేరే మీరు," అన్నాడు మామ. నవ్వబోయి ఏడ్చేశాడు. కావి తడవకూడదని తెలిసినా తుడుచుకోలేదు. కన్నీళ్ళతో పాటు ఎర్రటి చార ఒకటి చెంప మీదుగా మీసం దాకా జారింది.

రేపు పొద్దున తొలి బస్సు. ఆయన రాకపోతాడేమోనని నేను స్టాపులో ఎదురుచూడను. చీకటుండగానే వాళ్ళ ఇంటికి పోయి అరుగు మీద కూర్చుంటాను.