రెండో పీట

అనసూయాబాయి పిసాళ్‌కి అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి గానీ, తన కవల కూతుళ్లలో పెద్దది ఎవరో ఇప్పటికీ తెలియదు. కన్నతల్లికి తెలియకపోవడమేమిటని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. వేసుకోండి. ఎవరూ చూడనప్పుడు ఆవిడా నలభై నాలుగేళ్లుగా వేసుకుంటూనే ఉంది.

ఏడాది పొడుగునా ఇది పెద్ద చిక్కు కాదు. వచ్చిన చిక్కల్లా ఆశ్వయుజ పున్నమితోనే. మహారాష్ట్రలోని వాయి ఊళ్లో కోజాగిరి పున్నమి అంటే ఇంటి తొలిచూలు బిడ్డ పండగ. చంద్రుడు పైకి రాగానే తల్లి ఆ బిడ్డని ముగ్గు వేసిన పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, వక్కా బంగారు ఉంగరమూ ముఖం చుట్టూ తిప్పి, హారతిచ్చి కొత్తబట్ట పెడుతుంది. ఆ తర్వాతే కుంకుమపువ్వు వేసి కాచిన పాలు వెన్నెట్లో పెట్టి అందరూ తాగుతారు. మిగతా పిల్లలకి పాలే, పీట లేదు.

అనసూయ ఇంట్లో ఆ పీట రంజనది. ఉజ్వల చిన్నప్పుడు గోడవైపు తిరిగి కూర్చుని పాలు తాగేది. పెళ్లై సతారా వెళ్లాక వినాయక చవితికి వచ్చింది, దీపావళికి వచ్చింది, కోజాగిరికి మాత్రం ఒక్కసారీ రాలేదు. తల్లి కూడా రమ్మని గట్టిగా అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది?

అసలు జరిగింది ఇంతే. పుట్టింట్లో, వానాకాలంలో కాన్పు. ముందు బయటికొచ్చిన పిల్ల మణికట్టుకి మంత్రసాని నల్లదారం కట్టి, "ఇదీ పెద్దది, గుర్తెట్టుకో" అని చెప్పి వెళ్లింది. ఐదో రోజు పూజకి స్నానం చేయించేసరికి దారం తడిసి బిగుసుకుపోయి పిల్ల చెయ్యి ఎర్రబడింది. అనసూయే విప్పింది. ఒళ్లు కాలిపోతున్న జ్వరం, పిల్లల పక్కనే కాస్త కన్ను మూసింది. లేచేసరికి వాళ్లమ్మ వచ్చి పక్కబట్టలు మార్చి, ఇద్దర్నీ అటూ ఇటూ జరిపి వెళ్లిపోయింది. దారం చూస్తే తన పిడికిట్లోనే ఉంది. పిల్లలు చూస్తే ఇద్దరూ ఒక్కలాగే ఉన్నారు. పూజకని వచ్చిన అత్తగారు గుమ్మంలో దగ్గిన చప్పుడైంది. అనసూయ గబుక్కున చేతికందిన పిల్లకి దారం కట్టేసింది. ఆ పిల్ల రంజన అయింది.

రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంది. ఈలోగా మొదటి కోజాగిరి వచ్చింది, అత్తగారు పీట వేసింది. ఇంక చెప్పేదేముంది.

ఈ ఏడు పున్నమి నాలుగు రోజులుందనగా ఉజ్వల ఫోన్ చేసింది. "అమ్మా, ఈసారి వస్తున్నా. నలభై దాటినా హారతి కోసం అలకేంటని నా కూతురు నవ్వుతోంది. బళ్లో పిల్లలకి పండగల గురించి పాఠాలు చెప్తాను, నేనేమో ఇలా. వచ్చి పాలు తాగి పోతా."

కూతురు వస్తోందని సంతోషించాలో, ఎదురుగా కూర్చోబెట్టి మళ్లీ అదే తప్పు చెయ్యాల్సొస్తుందని భయపడాలో అనసూయకి పాలుపోలేదు. మర్నాడు కృష్ణ ఒడ్డున ఘాట్ మీద ఉండే పురోహితుడు జోషీబువా దగ్గరికి పోయింది.

"బువా, కవలల్లో పెద్ద ఎవరవుతారు?"

"వెనక పుట్టినవాళ్లు. ముందు కడుపులో పడ్డవాళ్లు అడుగున ఉంటారు, అందుకని ఆఖర్న వస్తారు. శాస్త్రం."

దార్లో పక్కింటి తారాబాయి ఎదురైతే ఆవిణ్ణీ అడిగింది.

"ఆయనకేం, నీళ్లు మోసినట్టు శాస్త్రం మోస్తాడు. తలుపు ముందు దాటింది పెద్దది. బస్సు ముందెక్కినవాడికే కదా సీటు? ఇంతకీ ఇన్నేళ్లకి నీకీ అనుమానం ఏంటి అనసూయా?"

"ఊరికే."

ముందు పుట్టింది పెద్దదైనా, వెనక పుట్టింది పెద్దదైనా, తనకొరిగేదేముంది? ముందేదో వెనకేదో తెలిస్తే కదా. ఇద్దరి మాటలూ విని వచ్చిన మనిషికి ఉన్న మతి కూడా పోయింది. ఆఖరికి ఒకటే తోచింది. ఇద్దరికీ పీట వేస్తే? అత్తగారు ఉంటే "రెండు పీటలేస్తే ఇంటికి తొలిచూలే లేనట్టు" అని చీవాట్లు పెట్టేది. కానీ అత్తగారు పోయి పదిహేనేళ్లు. తారాబాయి ఇంట్లో ఒక పీట అడిగి తెచ్చుకుంది.

పున్నమినాడు పొద్దుగూకేసరికి డాబా మీద ముగ్గు వేసి, రెండు పీటలూ పక్కపక్కన పెట్టింది. రంజన పసుపు గిడ్డంగిలో పని ముగించుకొచ్చి, స్నానం చేసి పాలగిన్నెలో సారపప్పు పలుకులు వేసి కలుపుతోంది. ఉజ్వల గోడకానుకుని జాజికాయ అరగదీస్తోంది.

రంజన తిరిగి చూసి నవ్వింది. "ఏంటమ్మా, రెండో పీట చంద్రుడికా?"

"ఉజ్వలకి."

"నాకొద్దు," అంది ఉజ్వల. "జాలిపడి పెడితే అసలొద్దు. అది పెద్దదాని హక్కు, ఒప్పుకునే వచ్చా."

"జాలి కాదే." అనసూయ హారతి పళ్లెం కింద పెట్టింది. ఇంక కడుపులో దాచుకోవడం ఆవిడ వల్ల కాలేదు. దారం సంగతీ, జ్వరం సంగతీ, అత్తగారి దగ్గు సంగతీ, అన్నీ చెప్పేసింది. "మీలో ఎవరు పెద్దో నాకు తెలీదు. దేవుడి మీద ఒట్టు, తెలీదు. ఉజ్వలా, నీకు అన్యాయం చేశానేమోనని ప్రతి పున్నమికీ ఏడ్చానే తల్లీ."

ఉజ్వల ముందు నవ్వింది, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అనసూయ చూపంతా ఆమె మీదే ఉంది. ఎప్పుడూ ఆమె మీదే. అందుకే రంజన పాలగిన్నె దించి, వచ్చి తన పీట మీద కూర్చోవడం చూడలేదు.

"అమ్మా," అంది రంజన. గొంతు మామూలుగానే ఉంది. "నాన్న పోయినప్పుడు మేము తొమ్మిదో క్లాసు. ఒక్కదాన్నే చదివించగలనన్నావు. పెద్దది నాతో పసుపు ఏరడానికి వస్తుంది, చిన్నది బడికెళ్తుంది అన్నావు. గుర్తుందా?"

అనసూయ రంజన వైపు తిరిగింది.

"దీని కంటే నాకే ఎక్కువ మార్కులొచ్చేవి. అయినా మారు మాట్లాడలేదు. పీట మీద కూర్చునేది నేనే కదా, బరువూ నాదే అనుకున్నా. సంబంధాలొస్తే వద్దన్నదీ అందుకే. నువ్వేమో దీనికి అన్యాయం జరిగిందని ఏడ్చావు."

ఇన్నేళ్లూ తాను ఏడవాల్సిన కూతురు వేరే ఉందని అనసూయకి ఆ క్షణం దాకా తట్టనే లేదు. ఏమిటో ఈ తల్లి ప్రాణం, ఎప్పుడూ కళ్లముందు లేని బిడ్డ కోసమే కొట్టుకుంటుంది, పక్కనున్నది కనపడదు.

"లే తల్లీ, ఇద్దరికీ కలిపి..." అని ఏదో అనబోయింది.

"లేవను. అబద్ధమైనా సరే, ఈ పీట నాది. దీనికోసం అన్నీ వదిలేసుకున్నా. ఇప్పుడు దీన్ని కూడా సగం చేస్తావా?"

ఉజ్వల కళ్లు తుడుచుకుని లేచింది. రెండో పీట తీసుకెళ్లి పక్కన గోడకి ఆనించి, వట్టి నేల మీద కూర్చుంది.

"ఇవ్వమ్మా, అక్కకి హారతి ఇవ్వు."

"మరి నీకో?"

"నాకు బడి ఇచ్చావు కదమ్మా."

అనసూయ వత్తి సరిచేసి పళ్లెం ఎత్తింది. ఎవరు పెద్దో ఆవిడకి ఇప్పుడూ తెలియదు. ఈసారి ఉజ్వల వైపు చూడకుండా, రంజన ముఖమే చూస్తూ నుదుట బొట్టు పెట్టింది.