ప్రైవేట్ విండోలో పోయిన పరువు

మీకిప్పుడు ఒక ఘోరం చెప్పబోతున్నాను. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. మా టీమంతా ఎప్పుడో నవ్వేసింది.

హైటెక్ సిటీలోని మా ఆఫీసులో నన్ను కొత్తగా టీమ్ లీడ్‌ని చేశారు, అదీ తాత్కాలికంగా. ఖాయం చేసేదీ లేనిదీ మేనేజర్ ప్రసాద్ గారు శుక్రవారం చెబుతారు. ఆ పదవంటే నాకు ప్రాణం. చిక్కల్లా, లీడ్ ఏం చేయాలో నాకు తెలియదు. అడిగితే పరువు తక్కువ. అందుకని బ్రౌజర్‌లో, చూసినవేవీ గుర్తుంచుకోని ప్రైవేట్ విండో తెరిచి రహస్యంగా నేర్చుకునేవాణ్ణి. మామూలు విండోలో వెతికితే, మీటింగులో స్క్రీన్ చూపించేటప్పుడు అవన్నీ బయటపడతాయని భయం. అంత ముందుచూపు నాది!

అయితే అందులో ప్రకటనలు ఈగల్లా ముసిరేవి. వాటిని ఆపడానికి బ్రౌజర్‌కు తగిలించుకున్న ఎక్స్‌టెన్షన్ అక్కడ పనిచేయడం లేదు. పక్క సీటు స్వప్నను అడిగాను. సిద్దిపేట అమ్మాయి, మాట తూటా.

“అండ్ల ఎక్స్‌టెన్షన్లు వాటంతట అవి నడవయి అన్నా. మనమే పర్మిషన్ ఇయ్యాలె. ఏది కావాల్నో గదొక్కటే ఆన్ చెయ్యి. గానీ, ప్రైవేట్ విండో నీకెందుకన్నా?”

“సెక్యూరిటీ” అన్నాను, దేశరక్షణ భారమంతా నా మీదే ఉన్నట్టు.

ఒక్కటే ఏమిటి, లీడ్ హోదాకు తగ్గట్టు ఉండాలి కదా! ఉన్నవాటన్నిటికీ అనుమతి ఇచ్చేశాను. వాటిలో ఆఫీసువాళ్ళు పెట్టిన స్టేటస్ ఎక్స్‌టెన్షన్ కూడా ఉంది. మనం చదివిన పేజీల పేర్లు ఏరి, సాయంత్రం “ఈరోజు నేను చేసిన పని” అంటూ టీమ్ గ్రూపులో పెట్టడం దాని ఉద్యోగం. పాపం, శ్రద్ధగా చేసింది.

గురువారం సాయంత్రం గ్రూపులో నా పేరుతో పడింది: “టీమ్ లీడ్ అంటే ఏం చేయాలి? అర్థం కాకపోయినా మీటింగులో తల ఎలా ఊపాలి? టీము మాట వినకపోతే ఏడవవచ్చా?”

“ఏందన్నా గిది? సెక్యూరిటీ మస్తుగున్నది” అంది స్వప్న.

“చెరిపేయొచ్చా?”

“ఇగ ఏం లాభం? ప్రసాద్ సార్ గూడ చూసిండు.”

నాకు నిజంగానే ఏడుపొచ్చింది. మర్నాడు ప్రసాద్ గారు పిలిచారు. వెళ్ళగానే గది తలుపు మూశారు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

“అవన్నీ మీరు చదివినవేనాండి?”

“అవునండి. నన్ను పాత సీటుకే పంపించేయండి.”

ఆయన గొంతు తగ్గించారు. “ఆ తల ఊపే పేజీ లింకు నాకు పంపుతారా? మేనేజరునయినప్పటి నుంచీ సొంతంగా ఊపుతున్నానండి, మెడ పట్టేస్తోంది. గ్రూపులో మాత్రం పెట్టకండి.”

“మరి నా లీడ్ సంగతండీ?”

“నా గుట్టు ఇంత చెప్పుకున్నాక మిమ్మల్ని ఎలా తీసేస్తానండి?”

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఈ జన్మలో ఏ ఎక్స్‌టెన్షన్‌నీ ప్రైవేట్ విండో గడప తొక్కనివ్వను. ప్రకటనలు వస్తే రానీయండి. ప్రతిదీ చివరిదాకా, చేతులు కట్టుకుని చూస్తాను.