నోలీన్ చెట్టు మీదికి ఎవరొచ్చారు

మా ఊళ్లో, చెట్ల మీద బతికే ఎలుగుపిల్లల్లాంటి కోలాల లెక్క ఆదివారాల్లో జరుగుతుంది. ఎవరి పెరట్లోని యూకలిప్టస్ చెట్లను వాళ్లు చూసుకుని, లెక్క రాసే నాకు ఫోన్ చేయాలి. ఏమీ కనబడకపోయినా చేయాలి, ఎందుకంటే లేవన్నదీ లెక్కే. ఎంత మొత్తుకున్నా ఎవరూ వినరు. విన్నది నోలీన్ ఒక్కరే. బడి బస్సు నడిపి రిటైరైన మనిషి. భర్త పోయాక ఊరి చివర ఒంటరిగా ఉంటున్నారు.

"ఎవరైనా వచ్చారా, నోలీన్?" కోలాల గురించి మేమంతా ఇలాగే అడుగుతాం.

"ఎవరూ రాలేదు. వస్తే దాచుకుంటానా?" అని ఠక్కున ఫోన్ పెట్టేసేవారు. అడవి తగలబడిన ఏడాది నుంచీ అదే జవాబు.

ఈ వసంతంలో ఒక ఆదివారం ఆ గొంతు మారింది. "వచ్చాడమ్మా! పొద్దుగూకితే చాలు, పంది గుర్రుమన్నట్టు ఒకటే అరుపు."

వెళ్లి చూశాను. చెట్టు పంగలో మగ కోలా ముడుచుకుని నిద్రపోతున్నాడు.

"ఎందుకంత గోల వీడికి?" అన్నారు నోలీన్.

"ఆడదాన్ని పిలుస్తున్నాడు. ఈ చుట్టుపక్కల ఒక్కటీ మిగల్లేదు."

"ఆ సంగతి వాడికెవరు చెప్తారు?" అని నన్ను కసిరి లోపలికి వెళ్లిపోయారు.

మరుసటి ఆదివారం ఫోన్ రాలేదు. నేనే చేశాను.

"ఇంకా పిలుస్తున్నాడా? ఎవరైనా పలికారా?"

"ఎవరున్నారు పలకడానికి?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించారు. "నవ్వావంటే చూడు. నిన్న సాయంత్రం వరండాలోకెళ్లి నేనే పలికాను. వాడు అరుపు ఆపి విన్నాడు."