అప్ప వయసు పెంచింది నేనే

మా అప్ప వయసు పాడుచేసింది నేనే. అప్ప అంటే నా తోడబుట్టిన పెద్దది. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే, తర్వాత నేను ఎవరిని తిట్టినా మీరు వింటారని ఆశ.

కోటబొమ్మాళి దాటాక వరిచేల మధ్య ఊరు మాది. పన్నెండేళ్ళ కిందట బళ్ళో ఆధార్ కార్డులు తీశారు. వరసలో నిలబడ్డ ఆడవాళ్ళలో ఒక్కరికీ పుట్టినరోజు తెలీదు. పది పాసైనదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి అందరి వయసులూ నేనే చెప్పాను. కాస్త పెంచి రాయిస్తే ముసలి పింఛను వేగిరం వస్తుందని ఊరంతా అనుకునేవారు. నేనూ ధర్మం చేస్తున్నట్టు ఒకరికి ఐదేళ్ళు, ఒకరికి పదేళ్ళు పంచిపెట్టాను. సొంత అప్పకి ఎనిమిది వేశాను. ఎంత తెలివైనదో అని అందరూ మెచ్చుకున్నారు కూడా.

అప్పది కూలిపని. మొన్న మినప కోతలప్పుడు ఎవరో చెప్పారట, కూలివాళ్ళకి ఒక పథకం ఉందని. నెలనెలా మనం ఎంత కడితే గవర్నమెంటూ అంతే కలుపుతుంది, అరవై నిండాక పింఛను వస్తుంది, కానీ నలభై లోపే చేరాలి. సాయంత్రం కాళ్ళు కూడా కడుక్కోకుండా మా ఇంటికొచ్చింది.

"ముసలి పింఛను ఆళ్ళిచ్చీది, ఆళ్ళే ఆపీగలరు. ఇది నాను కట్టుకున్నది గదా, ఎవుడాపుతాడు? నన్నందులో సేర్పించు" అంది.

అప్పకి అసలు ముప్పై తొమ్మిది. కార్డు మీద నలభై ఏడు. కంప్యూటర్ సెంటర్లో అమ్మాయి కార్డు చూసి, "వయసు దాటిపోయిందమ్మా" అంది. అప్ప నా వైపు చూసింది. నేను కంప్యూటర్ వైపు చూశాను.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కింది నేను, కడగడానికి కూలి పోగొట్టుకుంది అప్ప. రెండో తరగతిదాకా చదివింది కాబట్టి బడి రిజిస్టరులో పుట్టిన తేదీ దొరికింది. దాని ప్రకారం నలభై నిండడానికి ఇంకా ఏడు నెలలుంది. చాలనుకున్నాం. కార్డులో వయసు దిద్దాలంటే బడి కాగితం చాలదు, జనన పత్రం కావాలన్నారు. దానికి ముందు, పుట్టుక ఎక్కడా నమోదు కాలేదని ఇంకో పత్రం తేవాలట. అంటే మా అప్ప పుట్టలేదని కాగితం ఉంటేనే పుట్టిందని కాగితం ఇస్తారు. ఆ కాగితంతో ఒక ఆఫీసు, అక్కణ్ణించి ఇంకో పెద్దాఫీసు. కాళ్ళకి బలపాలు కట్టుకుని తిరిగాం. ఒకరోజు సారు మీటింగులో, ఒకరోజు సర్వరు పనిచెయ్యదు. నాకు ఒళ్ళు మండిపోయేది. పెంచిన రోజు ఒక్క కాగితం అడిగినవాడు లేడు, నా నోటిమాట సరిపోయింది. నిజం చెప్పడానికి మాత్రం ఇన్ని సంతకాలు.

ఊడుపుల రోజుల్లో, వరినాట్ల కూలి మానుకుని వచ్చి, ఓసారి అప్ప గుమస్తా ముందు నిలబడి, "బాబూ, నాకు నలభై వచ్చీస్తన్నాది, వేగిరం రాయి" అంది. అతను కార్డు చూసి నవ్వాడు. ఆ నవ్వుకి నాకు ఇప్పటికీ కోపమే.

సరిచేసిన కార్డు చేతికొచ్చేసరికి నలభై నిండి పదకొండు రోజులైంది. సెంటర్లో అమ్మాయి రెండుసార్లు ప్రయత్నించి, "తీసుకోవట్లేదమ్మా" అంది. పదకొండు రోజులకే ఇంత పట్టింపా అని నేను గట్టిగా అరిచాను. పాపం, ఆ పిల్ల ఏం చేస్తుంది?

"ఊరుకోయే" అని అప్ప నన్ను బయటికి లాక్కొచ్చింది. ఆటోలో కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఒసే, మరి ముసలి పింఛను ఎప్పుడొస్తాది?"

అప్పటిదాకా ఆ సంగతి నాకు తట్టనేలేదు. దానికీ అరవై నిండాలి. పాత కార్డు ప్రకారమైతే ఇంకో పన్నెండేళ్ళకి వచ్చేది. ఇప్పుడు ఇరవై. పుట్టినరోజు ఒక్కసారే మారుస్తారట, వెనక్కి తిప్పడానికి లేదు. రెంటికీ చెడ్డ రేవడిని చేశాను దాన్ని. చెప్పక తప్పలేదు, చెప్పాను.

అప్ప కోప్పడలేదు. నడుం మీద చెయ్యేసుకుని కాసేపు లెక్కేసుకుంది.

"ఇరవయ్యేళ్ళే? అందాకా వంగుని వరి ఊడవగల్నేటే?"