ఉరుము వినపడని ఇంటికి స్పైక్ గార్డ్

సాయంత్రం ఏడున్నరకు ఏసేపు ఇంట్లో టీవీ వెలుగుతుంది. నలభై మూడు అంగుళాల తెర, సౌండు సున్నా. తెర మీద కడప నుంచి నెహెమ్యా కనిపిస్తాడు. అప్పుడే దర్జీ కొట్టు మూసి వచ్చి ఉంటాడు, మెడలో టేపు తీయడం కూడా మరిచిపోతాడు. ఇద్దరూ చేతులతో మాట్లాడుకుంటారు. ఎనిమిదిన్నరకు తెర నల్లబడుతుంది. ఆ గంట తప్పితే రోజు మొత్తంలో ఏసేపుతో మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు.

ఏసేపుకు యాభై ఎనిమిదేళ్ళు. పుట్టుక నుంచీ వినపడదు. డోన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో బైండింగ్ పని చేస్తాడు. హాజరు పట్టీలు, రికార్డు పుస్తకాలు, వెన్ను ఊడిన చర్చి పాటల పుస్తకాలు ఆయన చేతికి వస్తాయి. ప్రెస్సులో ఆయనకు అందే మాటలు మూడే: ఎన్ని, ఎప్పటికి, సరే. అందుకు వేళ్ళు చూపిస్తే చాలు. పెళ్ళి కాలేదు. సైగలు తెలిసిన తల్లి కృపమణి పోయి నాలుగేళ్ళయింది. ఏసేపు, నెహెమ్యా చదివిన బధిరుల బడి హాస్టల్లో పిల్లలే కల్పించుకున్న సైగలు కొన్ని ఉండేవి. వార్డెన్‌కు ఒకటి, పురుగుల ఉప్మాకు ఒకటి. అవి తెలిసినవాళ్ళు ఐదుగురు ఉండేవారు. ఇప్పుడు ఇద్దరు.

సెల్‌ఫోన్లో మాట్లాడుకోవచ్చు కదా అంటే, ఏసేపుకు షుగరు ఉంది, చూపు తగ్గింది. చిన్న తెర మీద వేళ్ళు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మెసేజ్ అయితే అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుకుంటాడు. అందుకే టీవీ కొని దానికి కెమెరా పెట్టించుకున్నాడు.

మే నెలలో ఒక సాయంత్రం దుమ్ము గాలి లేచింది. ఏసేపు కిటికీ మూసి టీవీ ముందు కూర్చున్నాడు. మొదటి ఉరుముకే వీధిలో అందరూ ప్లగ్గులు పీకేశారు. పక్కింటి ఉరుకుందమ్మ అలవాటు కొద్దీ గోడ దగ్గర నిలబడి "టీవీలు పీకేయండమ్మో" అని అరిచింది కూడా. లోపల నెహెమ్యా ఒక గిరాకీ పెళ్ళి కోటు బిగుతైన సంగతి చెబుతున్నాడు. కథ గుండీ తెగేదాకా వచ్చింది, తెర పోయింది. నెట్టు పోయిందేమోనని ఏసేపు కాసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత కాలిన వాసన వచ్చింది.

టీవీ బోర్డూ, ఇంటర్నెట్ పెట్టే రెండూ కాలాయి. బాగై రావడానికి పందొమ్మిది రోజులు పట్టింది. ఆ పందొమ్మిది రోజులూ ఏసేపు ఏడున్నరకే పడుకున్నాడు. ఇంకోసారి కాలితే కొత్త టీవీ కొనలేడు.

శివశంకర్ ఎలక్ట్రికల్ షాపులో ఏసేపు ఇచ్చిన కాగితం మీద ఇలా ఉంది: "ఉరిమినా టీవీ కాలకుండా ఆపే పెట్టె కావాలి." శివశంకర్ చదివి, ఎర్ర లైటున్న పొడుగు పెట్టె ఒకటి తీసి, "ఇదుండాది, శానా బాగుంటాదప్పా!" అని అరిచాడు.

పక్కన మోటారుకు వైరు కొంటున్న నరసన్న ఉలిక్కిపడ్డాడు. "ఏమప్పా, అట్లరుస్తే ఆయప్పకు వినపడతాదా? నా చెవులు పోతాండాయి."

"అలవాటైపోయిందప్పా. ఈ మనిషిని చూస్తే నోరు దానంతటదే లేస్తాది."

"పెన్ను లేదా? నాది తీసుకో, రాసియ్యి."

ఏసేపు పెట్టెను తిరగేసి చూశాడు. ఏ పుస్తకమైనా ముందు వెన్ను చూడటం ఆయన పద్ధతి. పెట్టె వెనక ఏ వివరమూ లేదు. ఖాళీని వేలితో చూపించాడు. శివశంకర్ నవ్వి, నరసన్న పెన్నుతో నిజం రాశాడు: "ఇందులో ప్లగ్గులు, స్విచ్చి, అంతే. ఎక్కువ కరెంటును ఆపేది లేదు."

"మరి ఎర్ర లైటు?" అన్నాడు నరసన్న.

"ఉత్త లైటే."

రెండో పెట్టె అసలైన స్పైక్ గార్డ్, పదమూడు వందల యాభై. ఎంత దెబ్బ తట్టుకుంటుందో వెనక జూల్స్ లెక్కలో అచ్చువేసి ఉంది. ఇంటర్నెట్ పెట్టెను కూడా దీనికే తగిలించాలని శివశంకర్ రాశాడు. ఎక్కువైన కరెంటును పట్టి భూమిలోకి పంపుతుంది, ఎర్త్ సరిగా ఉంటే పచ్చ లైటు వెలుగుతుంది అని కూడా రాసి, ఇంటికి ఎర్త్ ఉందా అని అడిగాడు. గోడకున్న ప్లగ్గుకు మూడు రంధ్రాలు ఉన్నాయి కదా అని ఏసేపు తలూపాడు.

ఇంట్లో పచ్చ లైటు వెలగలేదు. మరుసటి రోజు ఎలక్ట్రీషియన్ హనుమేష్ వచ్చాడు. ఎర్త్ పైపు ఇంటి వెనక ఉంది. కృపమణి బతికున్నన్నాళ్ళూ అక్కడే గిన్నెలు తోమేది. ఆమె పోయాక అక్కడ నీటి చుక్క పడలేదు. నేల పగుళ్ళిచ్చి ఇటుకలా ఉంది.

"ఈ నేలకు తేమ లేకపోతే ఎర్త్ యాడిది?" అని హనుమేష్, గోడ మీద నుంచి చూస్తున్న ఉరుకుందమ్మతో అన్నాడు. గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గులూ దట్టించి, నాలుగు బక్కెట్ల నీళ్ళు పోశాడు. లోపల పచ్చ లైటు వెలిగింది. రోజూ ఒక బిందె నీళ్ళు పోయమని కాగితం మీద రాశాడు. దాని కింద ఇంకా రాశాడు: "దగ్గర్లో పిడుగు పడితే ఈ పెట్టె కూడా ఆపలేదు. ఉరుము వినపడగానే ప్లగ్ పీకేయి." రాసినదాన్ని ఒకసారి చూసుకుని, "ఉరుము వినపడగానే" కొట్టేసి "మెరుపు కనపడగానే" అని దిద్దాడు.

"నేను చెప్పొచ్చు గానీ ఎట్ల చెప్పేదప్పా?" అంది ఉరుకుందమ్మ. "ఫోన్లో రాసేకి నాకు సదువు రాదు. బోల్టు ఏసుకుంటాడు. తలుపు బాదినా తెలీదు."

"బోల్టు ఏసుకోవద్దని రాసిస్తా. లోపలికి పోయి నువ్వే పీకు పెద్దమ్మా."

"ఒక్క మొగోడుండే ఇంట్లోకి సందేళ నేను పోతే, నీ నోరు ఊరుకుంటాదా?"

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఏసేపు చూశాడు. తన గురించేనని అర్థమైంది. ఏమిటో అర్థం కాలేదు.

మెరుపు కోసం కిటికీ తెరిచిపెట్టాడు. ఇంటి ముందే రోడ్డు మలుపు. గనుల లారీలు తిరిగినప్పుడల్లా వాటి వెలుగు గదిలో గోడ మీద పడి పోతుంది. మొదటి రోజు ఆరుసార్లు ప్లగ్ పీకాడు. "నాతో మాట్లాడతాండావా, లారీలతోనా?" అని నెహెమ్యా సైగ చేశాడు. రెండో రోజు గోడ మీద వెలుగు పడితే లారీయే అనుకుని ఊరుకున్నాడు. కాసేపటికి కరెంటు పోయి, కిటికీలోంచి వాన జల్లు వీపు మీద పడింది. ఆ రోజు ఏమీ కాలలేదు. పెట్టె ఆపిందో, పిడుగు దూరంగా పడిందో చెప్పేవాళ్ళు లేరు.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఆరింటికి మిద్దె ఎక్కి నలువైపులా చూస్తాడు. ఎక్కడ మబ్బు కనపడినా, ఫోన్లో పిడుగుల హెచ్చరిక వచ్చినా ఆ సాయంత్రానికి ప్లగ్ పీకేస్తాడు. "ఈ పొద్దు మబ్బు" అని నెహెమ్యాకు మెసేజ్ పెడతాడు. మొదట్లో నెహెమ్యా "ఈడ చుక్కలు కనపడతాండాయి" అని బదులిచ్చేవాడు. ఇప్పుడు "సరే" అంటాడు.

డోన్ మీదికి మబ్బులు వస్తాయి, పోతాయి. ఉరుము లేకపోతే పక్కింటివాళ్ళు నిశ్చింతగా సీరియల్ చూసుకుంటారు. ఏది ఉత్త మబ్బో, ఏది ఉరిమే మబ్బో ఏసేపుకు తెలిసే దారి లేదు.

ఆగస్టు నెలలో ఆయన పద్దెనిమిది సాయంత్రాలు ప్లగ్ పీకాడు. ఆ వీధిలో వాన పడింది నాలుగు రోజులు.