మా భుజాల మీద వెళ్లిపోయిన ఇల్లు

ఒడ్డున చివరికి మిగిలింది ముసలి సెలింగ్ ఇల్లొక్కటే. సముద్రం తరిమితే కొందరం, పూడిక కంపెనీ చూపించిన రేకుల గదులకు ఆశపడి కొందరం చర్చి గుట్ట మీదికి ఎక్కేశాం. ఆ తీరాన్ని రాళ్లతో పూడ్చి హోటళ్లు కట్టాలని కంపెనీ తాపత్రయం. మనుషులు కాపురమున్న చోట పూడ్చడానికి వీల్లేదని కోర్టు చెప్పింది. కాబట్టి వాళ్లకున్న అడ్డల్లా ఎండుచేపలమ్ముకునే ఈ విధవరాలే.

ఊరందరికీ ఆమె నానాయ్, అంటే అమ్మ. ఆదివారం ప్రార్థన అవగానే మా అందరినీ బురదలోకి దింపి మడ మొక్కలు నాటించేది. ఎండకు సణిగితే ఊరుకునేది కాదు.

"ఎవరికి కష్టమొచ్చినా పిలుపు కోసం చూడకండర్రా. పోయి భుజం పెట్టండి. పిలిస్తే వచ్చేవాడు కూలోడు," అనేది.

ఆ మాట మేం బుర్రకెక్కించుకున్నాం, అదే మా కొంప ముంచింది.

తుఫాను కబురు వచ్చిన రోజు నానాయ్ మా తరఫున మాట్లాడటానికి పట్నం కచేరీకి వెళ్లింది. మాలో దూకుడెక్కువున్న దోమెంగ్ అందర్నీ పోగెయ్యడానికి శంఖం ఊదాడు. మా దగ్గర ఇల్లంటే వెదురు, తాటాకులాంటి నీపా ఆకు. అడుగున బొంగులు కట్టి, ఊరంతా కలిసి ఎత్తితే లేస్తుంది.

"ముసల్ది వచ్చేసరికి ఇల్లు గుట్ట మీదుండాలి! ఎత్తండ్రా, పొద్దున తిన్న గంజి ఏమైంది?" అని అరిచాడు దోమెంగ్.

పాటలు పాడుకుంటూ మోశాం. దారిలో ఎవరో టోపీవాడు ఫోటో తీస్తుంటే పళ్లికిలించాం కూడా. తుఫాను మాత్రం ఉత్తరానికి తిరిగిపోయింది. చినుకు పడలేదు.

సాయంత్రం నానాయ్ వచ్చింది. గుట్ట మీద తన ఇంటిని చూసి, కింద ఖాళీ నేలను చూసింది.

"గాలికి పడితే అక్కడే పడేదిరా," అంది మెల్లగా. "కూలిన కర్రలున్నా అది నా చోటే అయ్యేది."

"ఎంత, పొద్దున్నే మళ్లీ దింపేస్తాం నానాయ్," అన్నాడు దోమెంగ్.

ఇల్లు మోసినవాళ్లకు ఇంటావిడ అన్నం పెట్టాలి, అది మా ఆచారం. నానాయ్ పొయ్యి రాజేసి అల్లం గంజి కాచి, అందరికీ వడ్డించింది. సిగ్గులేకుండా రెండోసారి కూడా పోయించుకున్నాం.

తెల్లారి బొంగులు భుజానేసుకుని దిగేసరికి ఇనుప కంచె, తుపాకులతో కాపలా. స్థలం ఇష్టపూర్వకంగా ఖాళీ చేశారట, సాక్ష్యం కూడా ఉందట. మేం మళ్లీ కోర్టుకెక్కాం. ఆ సాక్ష్యం ముందు మా మాట నిలవలేదు.

మేం నాటిన మడ చెట్ల మీద ఇప్పుడు రాళ్లున్నాయి. కంచె దగ్గర పెద్ద బోర్డు పెట్టారు. అందులో ఇల్లు మోస్తూ నవ్వుతున్న మేం, కింద 'గ్రామస్థుల సహకారానికి కృతజ్ఞతలు' అని. వాళ్ల నాలుక పుచ్చిపోను.

నానాయ్ ఆ బోర్డు నీడలోనే ఎండుచేపలమ్ముతుంది. ఊళ్లో మరో నీడ మిగల్లేదు. మొన్న దోమెంగ్ తల దించుకుని పోతుంటే పిలిచింది.

"ఇలా రారా. అందరిలోకీ నీ నవ్వే బాగా పడింది."