పొదలో కరివేపాకు

మా ఆఫీసులో సరదాకి రెండ్రోజుల అడవి యుద్ధ శిక్షణ పెట్టి, మగవాళ్ల పేర్లే రాశారు. పోట్లాడి నా పేరూ రాయించుకున్నాను. ఫరీదాబాద్ అవతలి గుట్టల్లో రిటైరైన సుబేదారు ఒకాయన మాకు దాక్కోవడం నేర్పాడు. టోపీకి కొమ్మలు గుచ్చుకుని పొదలో పడుకోవాలి, వెతికేవాళ్లు వెళ్లేదాకా కదలకూడదు. నేను దొరికితే ఇక ఏ ఆడదాన్నీ రానివ్వరు. అందుకే చీమలు కుట్టినా ఊపిరి బిగబట్టాను.

అంతలో ముక్కుకు వాసన తగిలింది. పక్కనే కరివేపాకు చెట్టు, నవనవలాడుతూ! ఉత్తరాదిన మేముండే జనక్‌పురిలో కూరలవాడు దయతలిస్తే వాడిపోయిన రెండు రెబ్బలు పడేస్తాడు. చెయ్యి ఊరుకుంటుందా?

ఊగుతున్న కొమ్మ దగ్గరికి సుబేదారు నేరుగా వచ్చాడు. "మేడమ్‌జీ, మీరు చచ్చిపోయారు."

"అడవిలో దొరికింది తిని బతకమని పొద్దున మీరే అన్నారుగా!"

"బతికుంటే కదా తినేది!"

కోసిన రెబ్బలు పట్టుకుని లేచాను.

తిరుగు బస్సులో మా సెక్షన్ ఆఫీసరు మొదలెట్టాడు. "అందుకే ఆడవాళ్లని..."

"ఆడవాళ్లననకండి, తెలుగువాళ్లననండి," అన్నాను.

ఆడవాళ్ల పరువు దక్కించడానికి తెలుగువాళ్ల పరువు తీశాను. కరివేపాకు మాత్రం ఒళ్లో భద్రంగానే ఉంది.